జీపొచ్చినా లేవకూడని రోజు

ఆ రోజు పొద్దున ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్లే మా ఫుట్‌పాత్ మీద ఉన్నవాళ్లు, ఉన్న వస్తువులు ఇవి. మా బాపు. ఆయన ముందు నీలం టార్పాలిన్, దాని మీద వరసలుగా జేబులో పెట్టుకునే దస్తీలు, బనియన్లు, సాక్సులు. ఆయనకు ఎడమ పక్క పిన్నుల అవ్వ, ఆమె చాటలో దువ్వెనలు, జడ పిన్నులు, పిన్నీసులు, బట్టల మధ్య వేసే డాంబర్ గోలీలు. కుడి పక్క పుస్తకాలాయన, ఆయన వెనక గోడకు ఆనించి నడుమెత్తు పేర్చిన పాత పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ పుస్తకాలు. వాళ్లకు అటూ ఇటూ బెల్టులు, ప్లాస్టిక్ డబ్బాలు, మొబైల్ కవర్లు అమ్మేవాళ్లు. మూల మీద చాయ్ బండి. ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చిన నేను. నా చేతిలో ప్లాస్టిక్ ఫైలు, అందులో వరసలోని అందరి ఆధార్ జిరాక్సులు, ఒక్కొక్కరివి రెండేసి ఫొటోలు.

రావలసినవాళ్లు ఇంకా రాలేదు. సర్వేవాళ్లు.

వీధి వ్యాపారుల చట్టం వచ్చిందని, దాని ప్రకారం ఊళ్లో ఫుట్‌పాత్ మీద అమ్ముకునే ప్రతి మనిషినీ లెక్కపెట్టి గుర్తింపు కార్డు ఇస్తారని అంతకు ముందే విన్నాం. చట్టం కాపీ ఇంటర్నెట్‌లో దొరికితే ప్రింటు తీసి చదివాను. సివిల్‌లో డిప్లొమా చేసి, లక్డీకాపూల్‌లో ఒక చిన్న కన్సల్టెన్సీలో డ్రాయింగులు గీసే ఉద్యోగం నాది. నిబంధనలు చదవడం నాకు కష్టమనిపించదు, నిజం చెప్పాలంటే ఇష్టం కూడా. అందులో మాకు కావలసింది ఇంతే: కార్డున్న మనిషిని ఊరికే లేపకూడదు. లేపాలంటే ముందుగా చెప్పాలి, వీలైతే ఇంకో జాగ చూపాలి. కార్డు లేని మనిషికి ఇవేవీ వర్తించవు. ఊరి రోడ్లన్నిటినీ రంగులుగా విడదీస్తున్నారని, ఎర్ర రంగు పడిన చోట అసలు అమ్మకాలే ఉండవని, పచ్చ రంగు పడితే ఫరవాలేదని, మా రోడ్డుకు ఈ రెండింటి మధ్య రంగు పడుతుందని చెప్పుకుంటున్నారు. అంటే కార్డున్నవాళ్లు ఉంటారు, మిగతావాళ్లు పోతారు.

బాపు ఆ జాగలో నేను పుట్టకముందు నుంచీ కూర్చుంటున్నాడు. మా ఇంటి కిరాయి, నా డిప్లొమా, చెల్లె నర్సింగ్ చదువు అన్నీ ఆ నీలం టార్పాలిన్ మీద నుంచి లేచినవే. కార్డు రాకపోతే ఆ జాగ పోతుంది. విషయం అంత సూటిగా ఉంది.

బాపుకు మాత్రం అది అంత సూటిగా కనపడలేదు.

"నేను గీడ కూసుంటనని మున్సిపాలిటోళ్లకు తెల్వదా?" అన్నాడు, నేను ఇంట్లో మొదటిసారి సర్వే సంగతి చెప్పినప్పుడు. "ఇన్నేండ్ల సంది లేపుతనే ఉన్నరు గద. తెల్వకుంటనే లేపుతున్నరా?"

"తెలుసు బాపూ. కానీ కాగితం మీద లేవు."

"కాగితం మీద లేనోణ్ణి గన్ని సార్లు ఎట్ల లేపిన్రు మరి?"

వంటింట్లోంచి అమ్మ నవ్వింది. "వాడు చదివి చెప్తుంటే జర ఇను. నీ నోటికి లైసెన్సు అక్కర్లేదు, జాగకు కావాలె," అంది.

ఆ లేపడం గురించి ముందు చెప్పాలి. లేకపోతే సర్వే రోజున జరిగింది ఎవరికీ అర్థం కాదు.

మున్సిపల్ లారీ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. రోడ్డు మీదుగా ఎవరైనా పెద్ద మనిషి కారు పోతుందంటే వస్తుంది, పండగ ముందు రద్దీ పెరిగిందంటే వస్తుంది, ఏ కారణమూ లేకుండా కూడా వస్తుంది. ముందు జీపు, వెనక లారీ. దొరికిన సామాను లారీ ఎక్కుతుంది, దాన్ని విడిపించుకోవడానికి రెండు మూడు రోజులు తిరగాలి. అందుకని మూల మీద చాయ్ బండాయన కాపలా. జీపు మలుపు తిరగడం ముందుగా కనిపించేది ఆయనకే. కనపడగానే చెంచాతో సాసర్ అంచు మీద ఆగకుండా కొట్టేవాడు. చాయ్ కలిపేటప్పుడు వచ్చే చప్పుడు వేరు, ఇది వేరు. దారిన పోయేవాళ్లకు తేడా తెలియదు. మా వరసలో నిద్రపోతున్నవాళ్లు కూడా ఆ చప్పుడుకు లేచి నిలబడేవారు.

బాపు టార్పాలిన్ అంచు చుట్టూ కన్నాలు కొట్టించి, వాటి గుండా నైలాన్ తాడు దూర్చి పెట్టుకున్నాడు. రెండు కొసలు పట్టుకుని ఒక్కసారి లాగితే నాలుగు పక్కలూ పైకి లేచి, మొత్తం సామాను సంచీలా మూటకట్టుకునేది. భుజాన వేసుకుని, రెండు దుకాణాల మధ్య ఉన్న గల్లీలోకి. అవ్వ చాట నెత్తిన పెట్టుకుని మా అందరికంటే ముందు చేరేది. వయసులో ఆమే పెద్ద, పరుగులో ఆమే ముందు.

పరిగెత్తలేనిది పుస్తకాలాయన ఒక్కడే. వాళ్ల నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో కిరాయికి స్థిరపడిన మనిషి. కొడుకు పుట్టి పెరిగింది ఇక్కడే అయినా మాట మాత్రం అక్కడిదే. పుస్తకాల బరువు ఎంతని! ఆయన వాటి మీద పరదా కప్పేసి, దాని మీద కూర్చుని, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నవాడిలా పేపరు చదువుతుండేవాడు. లారీవాళ్లకూ ఆ బరువు మోయడం ఇష్టం ఉండేది కాదేమో, నాలుగైదు కట్టలు తీసుకుని వదిలేసేవారు. వెళ్లేటప్పుడు ఒక ప్రశ్న అడిగేవారు: ఈ పక్కన కూర్చునేవాళ్లు ఎటు పోయారు? ఆయన ఎప్పుడూ ఒకటే జవాబు: "ఇక్కడెవరూ కూర్చోరండీ."

నాకు ఆ గల్లీ అంటే ఇప్పటికీ ఒక రకమైన బెంగ. పాలిటెక్నిక్ చదివే రోజుల్లో కాలేజీ అయ్యాక నేరుగా బాపు దగ్గరికి వచ్చేవాణ్ణి. పుస్తకాలాయన స్టూలు మీద కూర్చుని ఆయన పుస్తకాల్లోంచే చదువుకునేవాణ్ణి. పేజీ మడవకూడదు, పెన్సిల్ గీత గీయకూడదు, ఎవరైనా అదే పుస్తకం అడిగితే చదువుతున్న చోటే ఆపి ఇచ్చేయాలి. ఇవి ఆయన పెట్టిన షరతులు. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ పుస్తకం అలా నా చేతిలోంచి మూడుసార్లు అమ్ముడుపోయింది. పక్కన కొత్త బనియన్ల గంజి వాసన, వెనక పాత కాగితం వాసన, స్టేషన్ వైపు నుంచి గాలి తిరిగినప్పుడు రైళ్ల అనౌన్స్‌మెంట్లు మూడు భాషల్లో. నుమాయిష్ ఎగ్జిబిషన్ నడిచే చలికాలంలో జనం ఫుట్‌పాత్ నిండా నడిచేవారు, దస్తీలు అడిగేవాళ్లు ఎక్కువ. ధూళికి అందరూ తుమ్మేవారు.

ఇంతలో సాసర్ మోగేది. అందరం గల్లీలో.

గల్లీ వెడల్పు ఎంతని చెప్పను, ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు గోడకు అంటుకోవాలి. అక్కడ అంతమందిమి మూటలతో సహా నిలబడేవాళ్లం. బయట జీపు ఇంజను ఆగేదాకా ఎవరూ మాట్లాడరు. ఆగాక గుసగుసలు. ఆ తర్వాత నవ్వులు. అవ్వ కొంగులోంచి సోంపు తీసి అందరికీ తలా ఇంత పెట్టేది. బెల్టులాయన తన బెల్టులన్నీ మెడలో వేసుకుని వచ్చేవాడు, అవ్వ "ఏం కొడుకా, దండలేసుకోని పెండ్లికొడుకు లెక్కొచ్చినవ్, పిల్లేది?" అనేది. రోడ్డు మీద పక్కపక్కనే కూర్చున్నా, అక్కడ గిరాకీ కోసం పోటీ. గల్లీలో పోటీ లేదు. చాయ్ బండాయన బండి వదిలి రాలేడు కాబట్టి, ప్రమాదం పోయాక గ్లాసులు పట్టుకుని ఆయనే వచ్చేవాడు. అదే మాకు క్లియరెన్స్. అందరం ఆ చాయ్ తాగి ఎవరి జాగకు వాళ్లం.

సర్వే రోజు దగ్గరికి వద్దాం.

వారం ముందు నుంచీ వరసలోని అందరికీ నిబంధనలు చెప్పాను. ఎవరి జాగలో వాళ్లు కూర్చుని ఉండాలి. సామాను కనపడాలి. ఫొటో అక్కడికక్కడే తీస్తారు, ట్యాబ్‌లో ఆ చోటుతో సహా నమోదవుతుంది. ఇంటికి ఒక్కరికే కార్డు.

"అంటే ఫొటో కోసం ఊకె కూసుంటే సాలు?" అంది అవ్వ.

"చాలు అవ్వా."

"దువ్వెనలు గొంటరా?"

"కొనరు. లెక్కపెడతారు."

"దువ్వెనలా?"

"నిన్ను."

ఆమె చాలాసేపు నవ్వింది. "నన్ను లెక్కవెట్టనీకి గవర్నమెంటోళ్లు వస్తున్నరు," అని దారిన పోయే ఆడవాళ్లకు కూడా చెప్పింది.

అంతా సిద్ధం. అనుకున్న రోజు వచ్చింది. బాపు గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అవ్వ కొత్త చీర కట్టుకుంది. పుస్తకాలాయన పుస్తకాలను సైజుల వారీగా సర్దాడు. మేం చెప్పనిది, అనుకోనిది ఒక్కటే: సర్వేవాళ్లు దేంట్లో వస్తారు?

మున్సిపల్ జీపులో వచ్చారు.

గన్‌ఫౌండ్రీ వైపు మలుపు దగ్గర జీపు ముక్కు కనపడింది. సాసర్ మోగింది. ఆ తర్వాతి కొద్ది క్షణాల్లో ఎవరూ ఏదీ ఆలోచించలేదు. బాపు చేతులు తాడు కొసల మీద ఉన్నాయి, మూట లేచింది. అవ్వ చాట నెత్తికెక్కింది. బెల్టులు మెడలోకి వెళ్లాయి. నేను కింద పడిన ఒక సాక్సుల జత ఏరుకుని బాపు వెనకే పరిగెత్తాను, చేతిలో అందరి ఆధార్ జిరాక్సులతో సహా.

గల్లీలో అందరం నిలబడ్డాం. జీపు ఆగింది. అలవాటు ప్రకారం ఎవరూ మాట్లాడలేదు. అవ్వ సోంపు కోసం కొంగు ముడి విప్పుతూ ఆగి, నా వైపు చూసింది.

"బిడ్డా," అంది మెల్లగా, "ఇయ్యాల మనం ఉర్కొద్దు గద?"

బాపు మూట దింపలేదు. భుజం మీద అలాగే పెట్టుకుని గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన ముఖంలో అలాంటి చూపు నేను అంతకు ముందు చూడలేదు. బయటికి వెళ్దామంటే ఆయన కాలు కదల్లేదు. జీపు శబ్దం వినపడుతున్నంతసేపు గల్లీలోంచి రోడ్డు మీదికి రావడం అనేది ఆ శరీరం ఎప్పుడూ చేయని పని. "బాపూ, పోదాం," అన్నాను. "ఇంజను బందు కానియ్," అన్నాడు. ఇంజను ఆగింది. "పోదాం," అన్నాను. "జర ఆగు," అన్నాడు. మళ్లీ ఇంజను స్టార్టయింది, జీపు వెళ్లిపోయింది. అప్పుడు అందరం బయటికి వచ్చాం.

ఫుట్‌పాత్ మీద మిగిలింది పుస్తకాలాయన ఒక్కడే. పరదా మీద కూర్చుని, చేతిలో పేపరు. ఆయన ముఖం కూడా పాలిపోయి ఉంది.

"రాసుకున్నారా?" అని అడిగాను.

"నన్ను రాసుకున్నారు బాబూ. ఫొటో తీశారు."

"మరి మా సంగతి?"

ఆయన పేపరు మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. "ఆ అమ్మాయి అడిగింది. ఈ పక్కన ఎవరైనా కూర్చుంటారా అని."

"మీరేం చెప్పారు?"

"ఇక్కడెవరూ కూర్చోరండీ అన్నాను."

ముందు నవ్వింది బాపే. మూట కింద పడేసి, దాని మీద కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. "ఇన్నేండ్ల సంది నువ్వు చెప్పిన ముచ్చట ఎవ్వడూ నమ్మలే ఆంధ్రా సాబ్. ఇయ్యాల నమ్మిన్రు," అన్నాడు.

"నోట్లోంచి అదే వచ్చేసింది అన్నా. నేను ఆపేలోపే వచ్చేసింది."

చాయ్ బండాయన గ్లాసులు పట్టుకుని వచ్చాడు, రోజూ వచ్చినట్టే. మా ముఖాలు చూసి గ్లాసులు కింద పెట్టాడు. "నాకేం తెలుసు? జీపు గదే జీపు," అన్నాడు.

నేను గన్‌ఫౌండ్రీ వైపు వెళ్లాను. జీపు దూరం పోలేదు, ఒక బ్యాంకు ముందు ఆగి ఉంది. సర్వే చేసేది నా వయసు అమ్మాయి. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్, ఎండకు చున్నీ నెత్తిన కప్పుకుని ఉంది. ఫైలు తెరిచి విషయం చెప్పాను.

"ఆ ముక్క అయిపోయిందండీ. ఖాళీ ఫుట్‌పాత్ ఫొటో అప్‌లోడ్ చేశాను. ఒకాయన ఉన్నారు, ఆయన్ని రాశాను."

"మా నాన్నగారు కూడా ఉన్నారు మేడం. ముప్పై ఏళ్లకు పైనే అయింది."

"నేనొచ్చినప్పుడు లేరే."

"గల్లీలో ఉన్నారు."

"ఎందుకు?"

"మీరొచ్చారని."

"నేను వచ్చింది వాళ్ల కోసమే కదండీ," అంది.

"తెలుసు మేడం. నేను కూడా పరిగెత్తాను."

ఆమె నవ్వాపుకోవడానికి ట్యాబ్ వైపు చూసింది. తర్వాత వివరంగా చెప్పింది. మిగిలిపోయినవాళ్ల కోసం రేపు మధ్యాహ్నం ఒక్కసారి ఈ రోడ్డు మీదుగా వస్తారు. అదే ఆఖరు. జిరాక్సులు చూసి రాయడానికి వీల్లేదు, మనిషి జాగలో కూర్చుని అమ్ముతూ కనపడితేనే రాయాలి. "నాకు తెలిసినా, నేను నమ్మినా, ట్యాబ్ ఒప్పుకోదు," అంది.

ఆ మాట తిరిగొచ్చి చెప్పాను. బాపు ఆ రోజు ఇంకేమీ అమ్మలేదు. సాయంత్రం ఇంటికి నడుస్తూ, "రేపు గూడ కాళ్లు ఉరుకుతే ఎట్లరా?" అన్నాడు. కార్డు రాకపోతే ఎట్లా అని ఆయన నన్ను అడగలేదు. కాళ్ల గురించి మాత్రమే అడిగాడు. నాకు అప్పుడే తెలిసింది, ఆయనకు ఈ సంగతి నాకంటే బాగా అర్థమైందని.

మరుసటి రోజు చాయ్ బండాయనకు గట్టిగా చెప్పాం, ఏం జరిగినా సాసర్ ముట్టుకోవద్దని. ఆయన చెంచా తీసి జేబులో పెట్టుకున్నాడు. చక్కెర గ్లాసులోనే వేసి అటూ ఇటూ ఊపి ఇస్తున్నాడు, తాగేవాళ్లు అడుగున మిగిలిన చక్కెర చూసి తిడుతున్నారు.

మధ్యాహ్నం సర్వేవాళ్లకంటే ముందు ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు. తెలిసిన మనిషి, బాపు దగ్గరే సాక్సులు కొంటాడు. "అసెంబ్లీ దిక్కు ఏదో మీటింగున్నదట. లారీ వస్తున్నది, జల్దీ సదురుకోండ్రి," అని చెప్పి వెళ్లిపోయాడు.

నిజమైన లారీ. లేస్తే సర్వేలో ఉండం. లేవకపోతే సామాను పోతుంది. బెల్టులాయన అప్పుడే బెల్టులు మెడలో వేసుకుంటున్నాడు. అవ్వ చాట పట్టుకుని లేచి నిలబడింది. అందరూ నా వైపు చూశారు, చట్టం చదివినవాణ్ణి కాబట్టి. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ లేపకూడదని చట్టంలో ఉంది. ఆ కాగితం నా ఫైల్లోనే ఉంది. ఆ కాగితం చూపించి లారీని ఆపగలనని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

మాట్లాడింది బాపు.

"సామాను తీస్కపో," అన్నాడు నాతో. తాడు లాగి మూట కట్టి నా భుజాన పెట్టాడు. పెట్టే ముందు అందులోంచి ఒక దస్తీ తీశాడు. తెల్లది, అంచున నీలం గీత. దాన్ని నేల మీద పరిచి, నాలుగు మూలలు సరిచేసి, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"సామాను కనవడాలె అన్నవ్ గద. ఎంతనేది జెప్పలే."

అవ్వ చాట తీసుకుని నాతో గల్లీ దాకా వచ్చి, చాట నా చేతికిచ్చి, ఒక్క దువ్వెనతో వెనక్కి వెళ్లింది. బెల్టులాయన ఒక్క బెల్టు ఉంచుకున్నాడు. డబ్బాలాయన ఒక డబ్బా. మొబైల్ కవర్లాయన ఒక కవరు. నేను గల్లీ మొదట్లో అన్ని మూటల మధ్య నిలబడి చూస్తున్నాను.

సాసర్ మోగింది. చాయ్ బండాయన జేబులోంచి చెంచా తీయడం నేను చూశాను. లారీని చూశాక ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు.

ఆ చప్పుడుకు వరస మొత్తం ఒక్కసారి కదిలింది. బాపు సగం లేచాడు. ఆయన రెండు అరచేతులూ మోకాళ్ల మీద పెట్టి, తనను తానే కిందికి నొక్కుకున్నాడు. అవ్వ కళ్లు గట్టిగా మూసుకుంది. బెల్టులాయన లేచి రెండడుగులు వేసి, తిరిగి వచ్చి కూర్చున్నాడు. గోడకు ఆనుకున్న పుస్తకాలాయన గట్టిగా అంటున్నాడు: "కూర్చోండి, కూర్చోండి, ఏం కాదు, కూర్చోండి." ఆ వరసలో ఎప్పుడూ కూర్చునే ఉన్న మనిషి ఆయనొక్కడే మరి.

లారీ దిగిన మనిషి బాపు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"లేవ్, లేవ్. సామానేది?"

"గిదే సార్."

అతను దస్తీ వైపు చూశాడు. పక్కన దువ్వెన వైపు, ఆ పక్కన బెల్టు వైపు చూశాడు. వరస చివరిదాకా చూశాడు.

"ఏందిది? మజాకా?"

"సర్వేకు కూసున్నం సార్. సర్వే అయినంక లేస్తం."

"గీ దస్తీని లారీ ఎక్కిచ్చుకోని నేనేం జెయ్యాలె?"

"మీ ఇష్టం సార్. నూలుది, మంచిగుంటది. చెమటకు పనికొస్తది."

లారీలోంచి ఎవరో నవ్వారు. ఆ మనిషి కూడా నవ్వాడు, నవ్వకూడదనుకుంటూనే. పుస్తకాల కట్టలు రెండు మాత్రం ఎత్తుకుని వెళ్లారు. ఆ రోజు లారీ ఎక్కిన సామాను మా వరస నుంచి అంతే.

ఆ తర్వాత జీపు వచ్చింది. సాసర్ మళ్లీ మోగలేదు. అమ్మాయి దిగి వరస చూసి ఆగిపోయింది.

"నిన్న ఎవరూ కూర్చోరన్నారు మీరే కదా?" అని పుస్తకాలాయన్ని అడిగింది.

"నిన్న అబద్ధం చెప్పానండి. అలవాటండి. వీళ్లంతా ఇక్కడివాళ్లే."

ఆమె బాపు ముందు కూర్చుంది. పేరు అడిగింది, ఎన్నేళ్లుగా ఉన్నారని అడిగింది. ఏం అమ్ముతారని అడిగితే దస్తీలని చెప్పాడు.

"ఒక్కటేనా?"

"గిరాకీ మంచిగున్నది మేడం. అన్నీ అమ్ముడువోయినయ్."

ఆమె ట్యాబ్ ఎత్తింది. బాపు ఫొటోలో నవ్వలేదు. ఆధార్ ఫొటోలో నవ్వొద్దన్నారని, ఇది కూడా అలాంటిదే అనుకున్నాడు. ట్యాబ్ చిన్నగా టక్‌మంది. "అయిపోయింది, ఇక లేవొచ్చు," అంది ఆమె. లేవొచ్చని మున్సిపాలిటీ మనిషి అన్నా బాపు లేవలేదు. ఆమె వరస చివరిదాకా రాసుకుని, జీపెక్కి వెళ్లిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

కార్డులు చాలా నెలలకు వచ్చాయి. బాపు కార్డు మీద ముఖం తప్ప ఏమీ కనపడదు, దస్తీ కత్తిరింపులో పోయింది. ఆయన దాన్ని మెడలో వేసుకోడు. చొక్కా జేబులో పెట్టుకుని పైనుంచి బొత్తం పెట్టుకుంటాడు.

ఇప్పుడు ఆ వరస దాటి వెళ్తుంటే నాకు అది కొంచెం కొత్తగానే అనిపిస్తుంది. లారీ ఎప్పుడన్నా వచ్చినా కార్డులు చూసి పోతుంది. బాపు టార్పాలిన్‌కు తాడు లేదు, చిరిగిన కన్నాలున్న అంచును కోసేసి కొత్తగా కుట్టించాడు. అవ్వ మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే ఉంటోంది, ఆమె జాగలో కోడలు కూర్చుంటోంది. కొన్నాళ్లకు గల్లీకి ఇనుప గేటు పెట్టారు. గేటుకు తాళం వేసి ఉంటుంది, దాని అవసరం ఎవరికీ లేదు. మంచిదే. అది నాకు తెలుసు. అయినా సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ అక్కడ ఆగినప్పుడు, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్న మనుషుల్ని చూసినప్పుడు, ఆ ఇరుకులో భుజాలు తగులుతూ నిలబడి తిన్న సోంపు గుర్తొస్తుంది. అంత దగ్గరగా మేం మళ్లీ ఎప్పుడూ నిలబడలేదు. ఒకసారి బాపుతో ఈ మాట అన్నాను. "నీకేం, మూట నువ్వు మొయ్యలే," అన్నాడు. కాసేపటికి, "అవ్వ సోంపు మంచిగుండె," అన్నాడు.

కార్డులు వచ్చాక ఫుట్‌పాత్ మీద తెల్ల రంగుతో ఒక్కొక్కరికి ఒక గడి గీశారు. గీసినవాళ్లు వెళ్లాక బాపు నన్ను ఆఫీసు టేపు తెమ్మన్నాడు. గీతలకు బయటి నుంచి కొలిస్తే ఆరడుగులు, నాలుగడుగులు ఉంది, అంటే ఇరవై నాలుగు చదరపు అడుగులు, మున్సిపాలిటీవాళ్లు చెప్పినట్టే. గీత మందం మూడంగుళాలు. గీత మీద సామాను పెట్టకూడదట, అది దారి కిందికి వస్తుందట. గీతలకు లోపల కొలిచాను, పొడవు ఐదున్నర, వెడల్పు మూడున్నర.

"ఎంతొచ్చింది?" అన్నాడు బాపు.

పంతొమ్మిదింపావు చదరపు అడుగులు.